నునావుట్‌లో ఇళ్లకు నీళ్లు ట్యాంకర్లతో ఎందుకు పోస్తారు?

కెనడా ఉత్తర కొసన ఇన్యూట్‌లు అనే ఆదివాసులు ఎక్కువగా ఉండే నునావుట్ ప్రాంతంలో నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది కాబట్టి, దాని 25 ఊళ్లలో చాలావాటికి ట్యాంకర్లే నీళ్లు తెస్తాయి.

ఇలాంటి నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. మామూలు పైపు పాతితే అందులో నీళ్లు గడ్డకడతాయి. పోనీ వేడి చేసి పంపుదామంటే, ఆ వేడికి చుట్టూ ఉన్న మంచు కరిగి నేల కుంగుతుంది, పైపు విరుగుతుంది. రాజధాని ఇకాలుయిట్‌లో కొంత భాగానికి పైపులున్నాయి. అక్కడ వేడి బయటికి పోకుండా పైపులకు మందపాటి తొడుగు వేసి, నీటిని వేడిచేసి ఆగకుండా తిప్పుతూ ఉంటారు. కొన్ని వందల మంది ఉండే ఊరికి ఈ ఖర్చు తలకు మించిన భారం.

అందుకే ఇంట్లో రెండు ట్యాంకులు ఉంటాయి: ఒకటి మంచినీళ్లకు, ఇంకొకటి మురుగుకు. మురుగును తోడుకుపోవడానికి వేరే బండి వస్తుంది. ఉదాహరణకు, మంచు తుఫాను వచ్చి రెండు మూడు రోజులు బండ్లు కదల్లేదనుకోండి. మురుగు ట్యాంకు నిండగానే నీళ్ల మోటారు దానంతటదే ఆగిపోతుంది. అంటే నీళ్లున్నా కుళాయి రాదు! ఎక్కువమంది ఉన్న ఇంట్లో ఈ టెన్షన్ ఇంకా ముందే మొదలవుతుంది.

అక్కడ నీటి కరువు ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి చెరువులు, సరస్సులు బోలెడు. కరువల్లా ఆ నీటిని శుద్ధిచేసి ఇంటిదాకా చేర్చే ఏర్పాట్లకే.