సీరియల్స్‌లో చూపించే షాక్ ట్రీట్‌మెంట్ నిజంగా అలాగే ఉంటుందా?

ఉండదు. సీన్ మీకు తెలిసిందే: ఆస్తి కాగితాల మీద సంతకం పెట్టని కోడలికి పిచ్చని ముద్ర వేసి, మంచానికి కట్టేసి, తలకి కరెంటు పెడతారు. ఆమె కేకలు, వెనక ఉరుముల సౌండు.

షాక్ ట్రీట్‌మెంట్‌ని డాక్టర్లు ఈసీటీ అంటారు. అసలు ఈసీటీలో కేకలకు చోటే లేదు. ముందు మత్తు ఇస్తారు, ఒళ్లు బిగుసుకోకుండా ఇంకో మందు. కరెంటు ఇచ్చేది కొన్ని సెకన్లే. పక్కన నిలబడి చూస్తే ముఖమో, కాలివేళ్లో కాస్త అదిరినట్టు కనిపిస్తుంది, అంతే. మత్తు లేకుండా షాక్ ఇవ్వడాన్ని, రోగిని గొలుసులతో కట్టేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. తిండీ నీళ్లూ మానేసి బొమ్మలా ఉండిపోయినవాళ్లకి, చావు ఆలోచనలు వదలని తీవ్రమైన డిప్రెషన్‌కి ఈసీటీ బాగా పనిచేస్తుంది. కొన్నాళ్లు మతిమరుపు ఉండొచ్చు, ఆ మాట మాత్రం నిజం.

తలకి రెండో దెబ్బ తగలగానే గతం గుర్తొచ్చే హీరోయిన్‌ని చూసి నవ్వుకోవచ్చు. కామెడీ షోల్లో "వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి" అనే జోకు అలాంటిది కాదు. నిద్ర పట్టక, టెన్షన్ తట్టుకోలేక ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఓపీకి వెళ్లాల్సిన మనిషి, ఆ జోకు గుర్తొచ్చి గేటు దగ్గరే ఆగిపోతాడు. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.