ఎంబీఆర్ మెంబ్రేన్ చోక్ అవుతుంటే బ్యాక్టీరియా కరెంటు పనికొస్తుందా?

విశాఖ మధురవాడ అపార్ట్‌మెంట్ ఎస్టీపీలో (మురుగు శుద్ధి ప్లాంటులో) ఎంబీఆర్ మెంబ్రేన్, అంటే బ్యాక్టీరియా శుద్ధి చేసిన నీటిని వడగట్టే సన్న రంధ్రాల పొర, నెలకోసారి చోక్ అవుతోంది, బ్యాక్టీరియాతో కరెంటు తీస్తే అది తగ్గుతుందా, బిల్లు కూడా కలిసొస్తుందా అని కదా మీ ప్రశ్న.

మురుగు తినే కొన్ని రకాల బ్యాక్టీరియా ఎలక్ట్రాన్లను ఆనోడ్ అనే ఎలక్ట్రోడ్‌కు వదులుతాయి, అవి తీగ గుండా కాథోడ్ అనే రెండో ఎలక్ట్రోడ్‌కు చేరుతుంటే కరెంటు పారుతుంది. కానీ బిల్లు మీద ఆశ పెట్టుకోకండి. కిలో సీవోడీలోని (మురుగులోని సేంద్రియ పదార్థానికి కొలత ఇది) ఎలక్ట్రాన్లన్నీ 0.3 వోల్టుల దగ్గర చేతికొచ్చినా దక్కేది ఒక యూనిట్. ఐదో వంతు చిక్కిందనుకుంటే 0.2. వెయ్యి లీటర్ల మురుగులో సీవోడీ 400 గ్రాములుంటే 0.08 యూనిట్. అన్ని నీళ్లు శుద్ధి చేయడానికి ఎంబీఆర్ అర యూనిట్ పైనే తింటుంది.

చోకింగ్ విషయంలో మాత్రం దీనికి విలువుంది. బురద కణాలకూ, బ్యాక్టీరియా వదిలే జిగురుకూ రుణావేశం ఉంటుంది. మెంబ్రేన్ పక్కనే కాథోడ్ ఉంటే అవి కొంత దూరం జరుగుతాయి. అక్కడ కొద్దిగా పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా జిగురు పట్టకుండా చూస్తుంది.

ప్లాంటులో చెయ్యి పెట్టేముందు 20 లీటర్ల తొట్టెలు రెండింటిలో చూడండి. తొట్టె మధ్యలో నాన్‌వోవెన్ గుడ్డ అడ్డం కట్టండి. మురుగు గాలి లేని వైపు చేరి, గుడ్డ గుండా గాలి కొట్టే వైపు రావాలి. గాలి లేని వైపు కార్బన్ ఫెల్ట్ ఆనోడ్, గాలి కొట్టే వైపు 0.1 చదరపు మీటరు మెంబ్రేన్, దాని చుట్టూ 316 స్టీలు మెష్ కాథోడ్. ఆనోడ్‌కు టైటానియం తీగే వాడండి, రాగి కరిగి బ్యాక్టీరియాను చంపేస్తుంది. తీగను ఫెల్ట్‌లో నాలుగైదు కుట్లు వేయండి, జాయింటు నీటి పైన ఉండాలి. సెప్టిక్ ట్యాంకు బురద రెండు లీటర్లు ఆనోడ్ వైపు పోసి, ఆనోడ్, కాథోడ్ తీగల మధ్య 1000 ఓమ్‌ల రెసిస్టర్‌తో మొదలుపెట్టండి. రెండు మూడు వారాలకు 0.3 వోల్టులు నిలబడితే మెల్లగా 100 ఓమ్‌లకు దించండి. రెండో తొట్టెలో అన్నీ అవే, తీగ మాత్రం కలపకండి. మెంబ్రేన్ గుండా నీళ్లు లాగే పంపు గంటకు లీటరు చొప్పున, 9 నిమిషాలు లాగి 1 నిమిషం ఆగాలి. వాక్యూమ్ గేజి 0.3 బార్ (మెంబ్రేన్ చోక్ అయిందనడానికి గుర్తు) చేరడానికి ఏ తొట్టెకు ఎన్ని రోజులు పట్టిందో రాసుకోండి. ఈ తేడా చూడకుండా పెద్ద ట్యాంకుకు ఖర్చు పెట్టొద్దు.

తీగ విప్పితే 0.6 వోల్టులు, రెసిస్టర్ పెట్టగానే 0.05కి పడిపోతోందా? ముందు జాయింటు చూడండి. జాయింటు బాగుంటే, ఆనోడ్ వైపు గాలి చొరబడుతుండొచ్చు. గాలి వైపు బురదను పంపుతో వెనక్కి ఆనోడ్ వైపు తిప్పితే ఇదే తంటా. తర్వాత మెష్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది. కాథోడ్ దగ్గర పీహెచ్ పెరిగి కాల్షియం కార్బొనేట్ దిగుతుంది. మెష్ బయటికి తీసి 1-2 శాతం సిట్రిక్ యాసిడ్‌లో నానబెట్టండి. హైపోక్లోరైట్‌తో (బ్లీచింగ్ ద్రావణంతో) మెంబ్రేన్ కడిగేదీ తొట్టె బయటే, ఆ నీళ్లు ఆనోడ్‌కు తగిలితే మళ్లీ వారాలు ఆగాలి.

సముద్రం వైపు బోర్లలో ఉప్పు ఉంటే కరెంటు సులువుగా పారుతుంది. కానీ దాంతోపాటు వచ్చే సల్ఫేటును తినే బ్యాక్టీరియా ఎలక్ట్రాన్లు కాజేస్తుంది, కుళ్లిన గుడ్ల వాసన దాని పనే.

అన్నట్టు, మెంబ్రేన్ మాడ్యూల్ పైకి తీసి చూశారా? పోగుల మధ్య జుట్టు జడలా చుట్టుకుని ఉంటే ఈ కరెంటుతో ఏమీ కాదు. ముందు 1-2 మిల్లీమీటర్ల స్క్రీన్ పెట్టించండి.