అల్లుడూ, కల్లూరు సర్వేకి పోయే ముందు ఇది చదువు

అల్లుడూ,

ఎలక్షన్ సర్వే పనిలో చేరినావంట, పాణ్యం నియోజకవర్గం నీకే ఇచ్చినారంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పేరు చూసి నేరుగా పోయి పాణ్యంలో బస్సు దిగేవు. పేరుకే పాణ్యం, ఓట్లలో పెద్ద వాటా కల్లూరు దిక్కే, అంటే కర్నూలు టౌన్‌ని ఆనుకోని ఉండే కాలనీలు. ఓర్వకల్లు, గడివేముల మండలాలు కూడా అందులోనే, జిల్లాలు విడదీసినాక కొంత కర్నూలుకు కొంత నంద్యాలకు పోయింది గానీ ఎమ్మెల్యే ఒకరే.

2019లో నేను నాలుగు టీ అంగళ్లు తిరిగి "టైట్ ఫైట్, మెజారిటీ ఐదు వేల లోపే" అని అందరికీ చెప్పినా. కాటసాని రాంభూపాల్ రెడ్డి 40 వేలు దాటి గెలిచినారు, నేను నెల రోజులు ఆ అంగడి దిక్కు పోలే. 2024లో అదే సీట్లో గౌరు చరితా రెడ్డి టీడీపీ నుంచి మళ్లా 40 వేలు దాటించినారు. ఆమె 2014లో గెలిచింది వైసీపీ నుంచి, అప్పుడు కాటసాని ఇండిపెండెంట్! మనుషులు అటూ ఇటూ మారినా 2014లో 2019లో గెలిచింది వైసీపీ ఫ్యాన్ గుర్తే, అందుకే ఆ సీట్లో నాయకుని పేరు కంటే గుర్తు ఎక్కువ చూడు.

మొదట ఫారం 20 డౌన్‌లోడ్ చేసుకో, బూతు బూతుకీ ఎవరికెన్ని పడినాయో అందులో ఉంటాది. మూడు ఎలక్షన్లవీ పక్కపక్కన పెట్టు, కానీ బూత్ నంబర్లు నమ్మొద్దు, ఓటర్లు పెరిగితే బూతులు చీలుస్తారు, నంబర్లన్నీ జరిగిపోతాయి. స్కూల్ పేరు పట్టుకోని కలుపు.

ఇంక కాలనీల్లో అసలు తిప్పలు ఏందంటే, ఇల్లు ఈడ ఉంటాది, ఓటు సొంతూర్లో ఉంటాది. పిల్లోళ్ల చదువుకని వచ్చి బాడుగకు ఉండేటోళ్లు నీకు అరగంట రాజకీయం చెప్తారు, ఓటేసే రోజు బస్సెక్కి ఊరికి పోతారు. అందుకే మొదటి ప్రశ్న "ఎవరికేస్తారు" కాదు, "మీ ఓటు ఏ స్కూల్లో అన్నా" అని అడుగు. స్కూల్ పేరు చెప్పలేకుంటే టీ తాగి వచ్చెయ్, లెక్కలో రాయొద్దు.

రెండోది, పోయినసారి ఎవరికేసినారో అడుగు. ఆ బూతులో ఫారం 20 ప్రకారం ఒక పార్టీకి నూటికి 50 పడుంటే నీకు 70 మంది వాళ్లకే వేసినామంటాండారనుకో, నువ్వు ఒక పక్కోళ్లనే అడిగినావు, లేదా గెలిచినోళ్లకే వేసినామని చెప్పుకుంటాండారు (ఇది మనోళ్లకు బాగా అలవాటు). పగలు పోతే నాలాంటి రిటైరైనోళ్లే దొరుకుతారు, సాయంత్రం ఆరు తర్వాత పో. ఆడోళ్లను మొగుడి ముందర అడగొద్దు, ఆయన మాటే చెప్తాది.

పొత్తుల లెక్క కూడా కూడికతో తేలదు. 2019లో టీడీపీ, జనసేన, బీజేపీ విడివిడిగా నిలబడినాయి, 2024లో కలిసినాయి. ఇంకోసారి విడిపోతే ఎవరి ఓటు ఎవరిదో ఇంటింటికీ అడిగితే తప్ప తెలీదు.

పర్సెంటేజీ చూసి సీట్లు చెప్పేటప్పుడు ఒకటికి రెండుసార్లు ఆలోచించు. 2019లో టీడీపీకి రాష్ట్రంలో 39 శాతం వస్తే 23 సీట్లు, 2024లో వైసీపీకి కూడా దగ్గర దగ్గర అదే 39 వస్తే 11. ఎదురుగా ఓట్లు చీలినాయా, ఒకే దిక్కు చేరినాయా అన్నదే తేడా. అందుకే మీ సారుకు "వీళ్లే గెలుస్తారు" అని రాయొద్దు, పదికి ఆరు పాళ్లు ఛాన్స్ అని రాయి. తిట్టినా పర్వాలేదు.

మీటింగుల జనాన్ని చూసి మాత్రం ఏమీ రాయొద్దు, అదంతా బిర్యానీ లెక్క.

కర్నూలుకు వచ్చినప్పుడు ఇంటికి రా, నా పాత ప్రింటౌట్లు బీరువా మీద ఉండాయి, పండక్కి మీ అత్త పాత పేపర్లోనికి వేసేస్తానంటాంది, ఆ లోపలే వచ్చి తీసుకుపో.

మీ మామ