పళ్ళు మెషీనే చేస్తుంటే డెంటల్ టెక్నీషియన్ కోర్సు ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి సైన్స్‌తో పన్నెండో తరగతి పూర్తి చేసింది. మార్కులు మామూలే. కానీ బొమ్మలు బాగా గీస్తుంది, మట్టితో ఏదో ఒకటి చేస్తూనే ఉంటుంది. పన్ను మీద తొడిగే క్యాపులు, కట్టుడు పళ్ళు ల్యాబులో తయారుచేసే డెంటల్ టెక్నీషియన్ కోర్సులో చేరతానంటోంది. "ఇప్పుడు పళ్ళన్నీ కంప్యూటరే చేసేస్తోంది, ఆ ల్యాబుల్లో మనుషులతో పనేముంది?" అని మా బంధువు ఒకరు అన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. చేర్పించమంటారా?

జవాబు: చేర్పించండమ్మా. అయితే మీ బంధువు మాటలో సగం నిజం ఉంది. ముందు దాని సంగతి చూద్దాం.

ప్లాస్టర్ మోడల్ మీద మైనంతో పన్ను చెక్కి, దాని చుట్టూ అచ్చు పోసి, మైనాన్ని కరిగించి ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతిని 1907లో విలియం ట్యాగర్ట్ అనే దంతవైద్యుడు ప్రచారంలోకి తెచ్చారు. ఆ తర్వాత లోహం మీద పింగాణీ పూత వేసిన క్యాపులు వచ్చాయి. దశాబ్దాల పాటు ల్యాబ్ పని అంటే ఇదే. 1985లో జ్యూరిచ్ విశ్వవిద్యాలయంలో పన్నును కెమెరాతో కొలిచి, పింగాణీ దిమ్మను మెషీన్‌తో చెక్కి మొదటిసారి పేషెంట్‌కు అమర్చారు. ఇవాళ నోట్లో స్కాన్ చేయడం, స్క్రీన్ మీద డిజైన్ చేయడం, మిల్లింగ్ మెషీన్‌తో చెక్కించడం మామూలైపోయింది. మోడళ్ళు, కట్టుడు పళ్ళు 3డి ప్రింటర్‌లోనూ వస్తున్నాయి. ప్లాస్టర్ పోయడం, లోహం పోత పోయడం మాత్రమే నేర్పే కోర్సైతే నేనే వద్దంటాను.

ఇక రెండో సగం. జిర్కోనియా అనే తెల్లటి, చాలా గట్టి పింగాణీ రకంతో క్యాప్ ఎలా తయారవుతుందో చూడండి. మెషీన్ చెక్కేటప్పుడు అది సుద్దముక్కలా మెత్తగా ఉంటుంది. తర్వాత సుమారు 1500 డిగ్రీల ఫర్నేస్‌లో గంటల తరబడి కాలుస్తారు. అప్పుడది పొడవులో దాదాపు ఐదో వంతు కుంచించుకుపోతుంది. అందుకే ముందే ఆ లెక్క వేసి పెద్దగా చెక్కిస్తారు. ఏ దిమ్మ ఎంత కుంచించుకుపోతుందో దాని మీదే రాసి ఉంటుంది. ఆ అంకె తప్పు పడితే క్యాప్ పన్ను మీద కూర్చోదు. అంచు దగ్గర సందు మిల్లీమీటరులో పదో వంతు దాటిందంటే లోపల మళ్ళీ పుచ్చు పట్టే అవకాశం పెరుగుతుంది. మెషీన్ మనం ఇచ్చిన అంకెనే పాటిస్తుంది, అది తప్పో ఒప్పో దానికి తెలియదు.

జిర్కోనియాలో నాకు చాలా ఇష్టమైన గుణం ఒకటుంది. ఎక్కడైనా బీట మొదలైతే, ఆ కొన దగ్గరి స్ఫటికాలు రూపం మార్చుకుని కాస్త ఉబ్బి బీటను నొక్కేస్తాయి. దాని గట్టితనం అక్కడి నుంచే వస్తుంది. అందులో కలిపే యిట్రియా అనే మరో పదార్థం పాలు పెంచితే వెలుతురు లోపలికి దిగి అసలు పన్నులా కనిపిస్తుంది, కానీ ఆ గట్టితనం తగ్గుతుంది. నిద్రలో పళ్ళు కొరికే మనిషి దవడ పన్నుకు ఏ రకం వాడాలి, నవ్వితే కనిపించే ముందు పన్నుకు ఏది వాడాలి, అక్కడ లిథియం డైసిలికేట్ అనే గాజు లాంటి పింగాణీ మేలా? ఇలాంటివి డాక్టరుతో మాట్లాడి తేల్చగలిగిన టెక్నీషియన్‌కు పని తగ్గదు.

రంగు సంగతి మరీ కష్టం. పక్కన అసలు పన్ను ఉండగా ఒక్క ముందు పన్ను చేయడం ఈ వృత్తిలో అతి కఠినమైన పని అని నా అభిప్రాయం. ట్యూబులైట్ కింద సరిపోయిన రంగు ఎండలో తేడాగా కనిపిస్తుంది. బొమ్మలు గీసే కన్ను ఇక్కడే అక్కరకొస్తుంది. సాఫ్ట్‌వేర్ కూడా తన దగ్గరున్న ఆకారాల్లోంచి ఒక పన్ను చూపిస్తుంది. పై పన్ను కింది పన్నును తాకాల్సిన చోట తాకడం లేదని పట్టుకునేది, వందసార్లు మైనంతో చెక్కిన చేయే. కాబట్టి మైనం, మౌస్ రెండూ నేర్పే చోటే చేర్పించండి.

చేర్పించే ముందు ల్యాబ్‌ను స్వయంగా చూడండి. స్కానర్, మిల్లింగ్ మెషీన్ విద్యార్థుల చేతికిస్తారా, అద్దాల గదిలో పెట్టి చూపిస్తారా అని అడగండి. దానికన్నా ముఖ్యంగా, అరగదీసే బల్లల దగ్గర దుమ్ము లాగే సక్షన్ ఉందో లేదో గమనించండి. అచ్చు పొడుల్లో సిలికా ఉంటుంది. ఏళ్ళ తరబడి పీల్చిన టెక్నీషియన్లకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. కొన్ని నికెల్ లోహాల్లోని బెరీలియం కూడా ఊపిరితిత్తులకు చేటే. గట్టిపడని ప్రింటింగ్ రెసిన్ చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు. మాస్కులు, గ్లవ్స్, సక్షన్ పట్టించుకోని చోట ఎంత మంచి మెషీన్లు ఉన్నా వద్దు.

పేషెంట్లతో మాట్లాడే పని తక్కువ, ఒకే చోట కూర్చుని గంటల తరబడి చిన్న వస్తువు మీద చూపు నిలపాల్సిన పని ఎక్కువ. అమ్మాయికి ఇది నచ్చుతుందో లేదో తేల్చుకోవడానికి ఒక సబ్బు బిళ్ళ ఇచ్చి దవడ పన్నును పెద్ద సైజులో చెక్కమనండి. పూర్తయ్యాక అదే పన్నును మళ్ళీ ఒకసారి, ఇంకోసారి. మూడోది మొదలుపెట్టేటప్పుడు కూడా "మొదటి రెండింటిలో ఈ గాడి సరిగ్గా రాలేదమ్మా" అంటూ కూర్చుందంటే, ఫీజు కట్టేయండి.