క్లాసు చెప్పమంటున్నారు, ఒప్పుకోనా?

ప్రశ్న: దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని. యూనివర్సిటీ జర్నలిజం విభాగంలో వారానికి రెండు క్లాసులు చెప్పమంటున్నారు. ఎప్పుడూ పాఠం చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోండి, కానీ ముందు ఎడిటర్‌కి చెప్పండి. ఆ తర్వాత ఆ యూనివర్సిటీ వార్తలు మీ చేతిమీదుగా వెళ్లకుండా చూసుకోండి, జీతం ఇచ్చేవాళ్ల మీద వార్త దిద్దడం ఎవరికైనా ఇబ్బందే. థియరీ చెప్పడానికి రెగ్యులర్ అధ్యాపకులు ఉంటారు, మీ దగ్గర పిల్లలకు కావాల్సింది వేరు. రిపోర్టర్ పంపిన కాపీని, అంటే ఇంకా దిద్దని వార్తను, పేర్లు తీసేసి పట్టుకెళ్లండి, మూడో పేరాలో దాక్కున్న అసలు వార్తను వాళ్లనే వెతకమనండి, తర్వాత మీరు దిద్దింది పక్కన పెట్టండి. గంట ఇట్టే అయిపోతుంది. అమెరికాలో మిస్సోరీ యూనివర్సిటీ 1908లో జర్నలిజం స్కూలు తెరిచిన రోజే విద్యార్థులతో పత్రిక కూడా మొదలుపెట్టింది, అంటే చేయిస్తూ నేర్పడం కొత్తేమీ కాదు. అసలు కష్టం పేపర్లు దిద్దడం! ముప్పై మంది రాసినవి ఇంటికొస్తాయి, వాటికి ఎవరూ విడిగా డబ్బులివ్వరు. ఒప్పుకునేముందే అడిగేయండి. నైట్ డ్యూటీ మర్నాడు మాత్రం పొద్దున క్లాసు పెట్టించుకోకండి.