నీరు తడుపుతుంది, అదీ అన్నివేళలా కాదు

నీరు స్వయంగా తడిగా ఉంటుందా, లేక ఇతర వస్తువులను తడుపుతుందా అని అడిగారు. తడుపుతుంది, అదీ అన్నివేళలా కాదు. కర్నూలు ప్రాంతంలో ఉల్లి పండించే ఇంట పుట్టిన వారెవరికీ ఈ విషయంలో సందేహం ఉండకూడదని నా అభిప్రాయం.

ఉల్లి ఆకు గొట్టంలా నిటారుగా నిలుస్తుంది, దానిపై సన్నని మైనపు పూత ఉంటుంది. ఒక ఏడాది తామర పురుగులు ఆకుల సందుల్లో చేరి రసం పీల్చేయడంతో మడి అంతా తెల్లని మచ్చలు తేలింది. నాన్నగారు మందు కొడుతుండగా నేను ఒక మొక్క పక్కన కూర్చుని గమనించాను. ఆకు మీద పడిన మందునీరు గుండ్రని బొట్లుగా మారి, ఒకదానితో ఒకటి కలిసి, జారి మొక్క మొదట్లో పడిపోయింది. ఆకును తాకితే పొడిగా ఉంది. దాని కింద మట్టి మాత్రం తడిసి ముద్దయింది. రెంటిమీదా పడింది ఒకే పంపులోని నీరే.

మందుల దుకాణదారు మోతాదు పెంచమన్నాడు, ఇంకా ఖరీదైన మందు కూడా చూపించాడు. ఏ తెగులుకైనా వారి దగ్గర దొరికే సలహా అదే. నాన్నగారు ఆ మాట పట్టించుకోకుండా, పక్క చేను పెద్దాయన చెప్పినట్లు అదే మందులో కాస్త జిగురు మందు కలిపి కొట్టారు. ఈసారి బొట్లు పరచుకుని పలుచని పొరలా ఆకును పట్టుకున్నాయి.

గది ఉష్ణోగ్రత వద్ద నీటి తలతన్యత, అంటే నీటి పైపొరను బిగించి ఉంచే బలం, మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. సబ్బు వంటి పదార్థం కలిస్తే అది సగానికి పైగా పడిపోతుంది, నీరు పరచుకుంటుంది. బొట్టు అంచు తలంతో చేసే స్పర్శకోణాన్ని ఆంగ్ల శాస్త్రవేత్త థామస్ యంగ్ 1805లోనే వివరించాడు; నీటితో ఆ కోణం 90 డిగ్రీలు దాటితే ఆ తలం సరిగా తడవదని లెక్క. ఇంటర్మీడియెట్‌లో దీని సూత్రాలన్నీ మా చేత బట్టీ పట్టించారు గాని, ఒక్క ఉల్లి ఆకునైనా తెచ్చి చూపించినవారు లేరు. ఆ కోణాన్ని కొలవాలంటే ద్రవమూ, అది వాలే తలమూ రెండూ ఉండాలి కనుక, తడి అనేది ఆ రెంటి మధ్య జరిగే వ్యవహారమే తప్ప నీటి సొంత గుణం కాదు.

ప్రతి నీటి అణువు చుట్టూ నీరే ఉంది కనుక నీరు తడిగానే ఉన్నట్లని కొందరు వాదిస్తారు. అణువులు ఒకదానినొకటి లాక్కునే ఆ సంసంజన బలమే కదా బొట్టును గుండ్రంగా బిగించి మా ఉల్లి ఆకును తడవనీయనిది! తడవకుండా అడ్డుకున్న దానినే తడికి సాక్ష్యంగా నిలబెట్టడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. ద్రవమైతే చాలు తడి అన్నట్లే అనేవారు పాదరసం సంగతి కూడా చెప్పాలి. శుభ్రమైన గాజు కడ్డీని అందులో ముంచి తీస్తే ఏమీ అంటకుండా బయటికి వస్తుంది.