తగ్గిన బరువు తిరిగి వచ్చినప్పుడు: పాఠకుల ప్రశ్నలు, డాక్టరు సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒడిశా సరిహద్దు జిల్లాలలో స్థిరపడిన తెలుగువారు రాసినవి ఎక్కువగా ఉన్నాయి. వాటిలో ఒకే బాధను వేరువేరు విధాలుగా చెప్పుకున్న మూడింటిని ఎంచుకున్నాము. పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నేను రాయగడలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. నాకు 41 ఏళ్ళు, ఎత్తు 155 సెంటీమీటర్లు. మా అమ్మకు షుగరు ఉంది. నిరుడు పరీక్ష చేయిస్తే నాకూ షుగరు బోర్డరులో ఉందన్నారు. అప్పుడు నా బరువు 76 కిలోలు. దసరా వెళ్ళాక పొద్దున్నే నడవడం మొదలుపెట్టి, రాత్రిపూట అన్నం పూర్తిగా మానేసి, మార్చి నాటికి 68 కిలోలకు వచ్చాను. చైత్రంలో మజ్జిగౌరమ్మ పండుగకు శ్రీకాకుళం నుంచి మా పుట్టింటివారు వచ్చి వారం రోజులున్నారు. ఆ వారంలోనే రెండు కిలోలు పెరిగాను. తరువాత మా అత్తగారికి ఆపరేషన్ జరిగి రెండు నెలలు ఆసుపత్రి చుట్టూ తిరగవలసి వచ్చింది. వానలు పడ్డాక నాకు మలేరియా వచ్చింది. ఇప్పుడు 73 కిలోలున్నాను. "నీ ఒంటి తత్వమే అంత వదినా, ఎందుకీ తాపత్రయం" అంటోంది మా ఆడపడుచు. ఇంత కష్టం బూడిదలో పోసిన పన్నీరేనా?

జవాబు: కాదమ్మా. మీ ఉత్తరాన్ని నేను ఒకటికి రెండుసార్లు చదివాను. అందులో నాకు కనిపించిన అసలు చిక్కు ఏమిటంటే, మీకు ఎదురైన ఆటంకాలు మూడు, వాటి స్వభావాలూ మూడు రకాలు, అయినా మీరు వాటన్నిటినీ కలిపి మీ ఒక్కరి వైఫల్యంగా లెక్క కట్టుకున్నారు. దేనికి దానిని విడదీసి చూస్తే వేటికి ఏమి చేయాలో తేలుతుంది.

మొదట పండుగ సంగతి చూద్దాం. శరీరంలో ఒక కిలో కొవ్వు పేరుకోవాలంటే ఖర్చుకు మించి దాదాపు 7,700 కేలరీలు తినాలి. వారంలో రెండు కిలోల కొవ్వు చేరాలంటే మామూలు భోజనం కాక రోజుకు మరో 2,200 కేలరీలు, అంటే మీరు రోజంతా తినే తిండికి ఇంచుమించు రెట్టింపు తిని ఉండాలి. బంధువులు వచ్చిన ఇంట్లో వడ్డనకే సమయం చాలని గృహిణి అంత తినదని నా నమ్మకం. మరి తూకంలో ఆ రెండు కిలోలు ఎక్కడివి? కొన్ని నెలలుగా అన్నం తగ్గించుకున్నవారు మళ్ళీ పులిహోర, పూరీలు, అప్పాలు తిన్నప్పుడు కండరాలలోను కాలేయంలోను పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ చేరుతుంది, ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు నిలుస్తుంది. దానికి పచ్చళ్ళలోని, అప్పడాలలోని ఉప్పు తోడైతే మరికొంత నీరు పడుతుంది. ఇదంతా మామూలు తిండిలోకి వచ్చిన కొన్ని రోజులలో చాలావరకు దిగిపోయే బరువు. అందుచేత పండుగ అయిన మరునాడు తూకం చూసుకోవద్దు, ఐదారు రోజులు ఆగి చూసుకోండి.

పండుగ వారం చేసే చెరుపు కంటే "ఎలాగూ పోయింది కదా" అన్న ఆలోచన చేసే చెరుపు చాలా ఎక్కువ. 1975లో ఇద్దరు పరిశోధకులు, తిండి విషయంలో నియమాలు పెట్టుకున్నవారికి ముందుగా మిల్క్ షేక్ తాగించి, తరువాత ఐస్‌క్రీమ్ ఎంత తింటారో గమనించారు. కడుపులో ఒక గ్లాసు పడింది కాబట్టి తక్కువ తినవలసినవారు, ఏమీ తాగని నియమస్థుల కంటే ఎక్కువ తిన్నారు. నియమం ఒకసారి తప్పింది కనుక ఆ రోజుకు ఇక కట్టుబాటు లేదనుకోవడమే దానికి కారణమని వారి వివరణ. దీనికి ఊరట కలిగించే మరో పరిశోధన కూడా ఉంది. లండన్‌లో 96 మంది కొత్త అలవాటును ఎలా పట్టుకుంటారో పరిశీలించి 2009లో వెలువరించిన ఫలితాల ప్రకారం, అలవాటు దానంతట అదే జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు సరిపోతే, మరికొందరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పిపోయినంత మాత్రాన అలవాటు కుదరడంలో చెప్పుకోదగిన తేడా రాలేదు. మీరు ఆరు నెలలు నడిచారు. ఆ అలవాటు ఒక వారంలో చెరిగిపోయేది కాదు.

రెండోది అత్తగారి ఆపరేషన్. ఇక్కడ మీకు కొరవడింది సంకల్పం కాదు, సమయమూ నిద్రా. నిద్ర చాలని మనిషికి ఆకలి పెరుగుతుంది, ముఖ్యంగా తీపి మీదకు, వేపుడు మీదకు మనసు పోతుంది. ఆసుపత్రి గేటు ముందర దొరికేది బరా (మినప గారె), ఘుగుని (బఠాణీల కూర), సమోసా, పంచదార దండిగా వేసిన టీ. అలాంటి రోజులలో ముప్పావు గంట నడక కుదరదు, కుదరలేదని బాధపడనూ అక్కరలేదు. భోజనమైన తరువాత వరండాలో పది నిమిషాలు నడిచినా తిన్నాక పెరిగే షుగరు కొంత అదుపులో ఉంటుంది, అంతకు మించి, మీ నడకకు తెగిపోని ఒక పోగు మిగులుతుంది. ఇంటి నుంచి రెండు ఉడికించిన గుడ్లో, గుప్పెడు ఉడికించిన సెనగలో డబ్బాలో పట్టుకెళితే గేటు ముందరి బరా అవసరం సగం తగ్గుతుంది. ఇంకొక మాట కూడా రాయకుండా ఉండలేను. మీ ఉత్తరంలో ఆసుపత్రి చుట్టూ తిరిగినవారు మీరొక్కరే కనిపిస్తున్నారు. అత్తగారికి కొడుకు, కూతురు కూడా ఉన్నారు కదా. ఒంటి తత్వం గురించి మాట్లాడిన మీ ఆడపడుచు వారంలో రెండు రాత్రులు తల్లి దగ్గర పడుకుని ఉంటే మీ నడక ఆగేది కాదేమో. ఈసారి అవసరం పడితే మొహమాటపడకుండా అడగండి.

మూడోది మలేరియా, దీని విషయంలో మాత్రం తొందర పనికిరాదు. మలేరియా క్రిమి రక్తకణాలను నాశనం చేస్తుంది, జ్వరం తగ్గిన తరువాత కూడా రక్తహీనత వారాల తరబడి ఉండవచ్చు. జ్వరంలో తగ్గే బరువులో కండ కూడా ఉంటుంది. ఆ తరువాత తిరిగి పెరిగే బరువులో కొవ్వు పాలు ఎక్కువయ్యే ప్రమాదం ఉంది కాబట్టే, ఈ దశలో తిండి తగ్గించడం కంటే కండను నిలబెట్టుకోవడం ముఖ్యం. డాక్టరు రాసిచ్చిన మాత్రలు చివరి రోజు వరకు వేసుకున్నారో లేదో చూసుకోండి, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. మొదటి రెండు వారాలు రోజుకు పది పదిహేను నిమిషాల నెమ్మది నడకతో సరిపెట్టండి. మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ ఉంటే అదీ ఆపి డాక్టరుకు చూపించుకోండి. పప్పు, గుడ్డు, చేప, పెరుగు ప్రతి పూటా ఏదో ఒకటి ఉండాలి. మీ ప్రాంతంలో చోళ్ళు (రాగులు) మంచివి దొరుకుతాయి. పొద్దున పూట చోడి అంబలిలో మజ్జిగ కలుపుకుని, పక్కన ఒక గుడ్డు పెట్టుకుంటే నాలుగు పూరీల కంటే ఎక్కువసేపు ఆకలి ఆగుతుంది. కాస్త ఓపిక వచ్చాక వారానికి రెండు రోజులు కుర్చీలో కూర్చుని చేతుల ఆసరా లేకుండా పది పన్నెండు సార్లు లేవడం, గోడకు చేతులానించి తోయడం మొదలుపెట్టండి. తొడల కండ నిలబడడానికి వీటికి మించినవి అక్కరలేదు.

ఇక మీ లక్ష్యం గురించి. మళ్ళీ 68 చేరాలన్నది మీ పట్టుదల. నేనైతే ఆ సంఖ్యను కొంతకాలం పక్కన పెట్టమంటాను. షుగరు బోర్డరులో ఉన్నవారి మీద అమెరికాలో జరిగి 2002లో ఫలితాలు వెలువడిన పెద్ద అధ్యయనంలో పెట్టిన లక్ష్యం బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం. ఆ బృందంలో షుగరు వ్యాధి రావడం 58 శాతం తగ్గింది. మన దేశంలో చెన్నై వైద్యులు ఇటువంటివారి మీదే జరిపి 2006లో వెల్లడించిన అధ్యయనంలో, ఆహారంలోను నడకలోను మార్పుల వల్ల ఆ ముప్పు 28.5 శాతం తగ్గింది. మీ 76 కిలోలలో 7 శాతం అంటే ఐదు కిలోల పైచిలుకు, అంటే 70 నుంచి 71 కిలోల మధ్య. ఇప్పుడున్న 73 నుంచి అది రెండు మూడు కిలోల దూరమే. ముందు ఒక నెల 73 దగ్గర నిలబడండి, ఆ తరువాత రెండు మూడు నెలలలో 70 వైపు కదలండి.

తిరిగి పెరగడం మీ ఒక్కరి బలహీనత కాదనడానికీ ఆధారముంది. బరువు తగ్గిన ఏడాది తరువాత కూడా ఆకలిని నడిపే హార్మోన్లు పాత స్థాయికి రాలేదని 2011లో ఒక పరిశోధన తేల్చింది. 2016లో వచ్చిన మరో అంచనా ప్రకారం, తగ్గిన ప్రతి కిలోకు శరీరం రోజువారీ ఖర్చును 20 నుంచి 30 కేలరీలు తగ్గించుకుంటుంది, ఆకలిని మాత్రం సుమారు 100 కేలరీల మేర పెంచుతుంది. ఎనిమిది కిలోలు తగ్గిన మీరు ఆ ఆకలితో ఎంతగా పెనుగులాడారో మీ ఆడపడుచుకు తెలియదు. ఈ స్థితిలో "రాత్రి అన్నం అసలు వద్దు" వంటి కఠిన నియమం విరగడానికే పుడుతుంది. సగం అన్నం, రెట్టింపు కూర, ఒక గిన్నె పప్పు అన్నది ఇంటిల్లిపాదితో కలిసి ఏళ్ళ తరబడి తినగలిగిన భోజనం. దానితో పాటు నూనె డబ్బా మీద ఒక కన్నేయండి. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు అయిపోతుంటే మనిషికి రోజుకు 30 గ్రాములు, అంటే 270 కేలరీలు పడుతున్నట్టు. దానిని రెండున్నర లీటర్లకు దించితే ఒక్కొక్కరికి రోజుకు దాదాపు వంద కేలరీలు ఎవరికీ ఆకలి తెలియకుండానే తగ్గుతాయి. డబ్బా తెరిచిన తేదీని మూత మీద రాసి పెట్టుకుంటే లెక్క దానంతట అదే తెలుస్తుంది.

ప్రశ్న: సార్, నాది బరంపురం. వయసు 27. బట్టల దుకాణంలో పని చేస్తాను. జిమ్‌లో చేరాక 84 కిలోల నుంచి 78కి తగ్గాను. గత ఆరు వారాలుగా ముల్లు కదలడం లేదు. నడుము మాత్రం 98 సెంటీమీటర్ల నుంచి 93కి వచ్చింది. కొవ్వు కరిగించే పొడి వాడమని జిమ్‌లో ఒక స్నేహితుడు అంటున్నాడు. ఎండాకాలంలో మధ్యాహ్నం పఖాళ తింటాను, అది మానెయ్యాలా?

జవాబు: తమ్ముడూ, నడుము ఐదు సెంటీమీటర్లు తగ్గడం చిన్న విషయం కాదు. పొట్ట చుట్టూ ఉండే కొవ్వే మన భారతీయులకు గుండె జబ్బును, షుగరును తెచ్చిపెట్టేది. మన మగవారికి హద్దు 90 సెంటీమీటర్లు, మీరు దానికి మూడు సెంటీమీటర్ల దూరంలో ఉన్నారు. బరువులెత్తే వ్యాయామం వల్ల కండ కొంత చేరి, కొవ్వు కొంత తగ్గినప్పుడు ముల్లు ఒకే చోట నిలబడినట్టు కనిపించడం మామూలే. నెలకోసారి బొడ్డు దగ్గర టేపుతో కొలుచుకుని రాసుకోండి. నడుము కూడా కదలడం మానేసిన రోజున తిండిని మళ్ళీ లెక్క చూసుకోవాలి, ఎందుకంటే 84 కిలోల శరీరానికి సరిపోయిన భోజనం 78 కిలోల శరీరానికి కొంచెం ఎక్కువే అవుతుంది.

పొడి జోలికి వెళ్ళవద్దు. సిబుట్రమిన్ అనే ఆకలి తగ్గించే మందును గుండెకు ముప్పు తెస్తున్నదని మన దేశంలో 2011లో నిషేధించారు. ఊరూ పేరూ లేని "కొవ్వు కరిగించే" సరుకులో దానిని చెప్పకుండా కలిపిన సందర్భాలు అనేక దేశాలలో బయటపడ్డాయి.

పఖాళ మానవలసిన పని లేదు. మన చద్దన్నం వంటిదే అది, ఆ ఎండలకు తగిన తిండే. అందులో అన్నం ఎంత వేసుకుంటున్నారన్నది, పక్కన ఏమి నంజుకుంటున్నారన్నది చూడండి. బంగాళాదుంప వేపుడు, వడియాలు, నూనెలో వేయించిన చేప మూడూ ఒకే రోజు పెట్టుకుంటే చల్లటి పఖాళ పేరు చెప్పి వేపుడు భోజనం చేసినట్టే. కాల్చిన వంకాయ పచ్చడి, పులుసులో ఉడికిన చేప, పెరుగు, ఉల్లిపాయ పెట్టుకోండి. రక్తపోటు ఉంటే ఉప్పు తగ్గించండి. రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణీ జాతర రోజులలో దుకాణంలో రద్దీ వల్ల జిమ్ కుదరకపోతే వారానికి ఒక్క రోజైనా వెళ్ళండి. కండ బలాన్ని సంపాదించడానికి పట్టేంత శ్రమ దానిని నిలుపుకోవడానికి పట్టదు.

ప్రశ్న: నేను గుణుపూర్‌లో ఉంటున్న విశ్రాంత ఉద్యోగిని. వయసు 63. షుగరుకు గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఏటా కార్తిక మాసంలో సోమవారాలు ఉపవాసం ఉంటాను. ఆ నెలలో నీరసం వల్ల నడక ఆగిపోతుంది, తరువాత సంక్రాంతి దాకా మళ్ళీ మొదలుకాదు. ఏమి చేయాలి?

జవాబు: అయ్యా, మీకు వచ్చేది ఉత్త నీరసం కాకపోవచ్చు. గ్లిమిపిరైడ్ వేసుకుని భోజనం మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు పట్టడం, చేతులు వణకడం, తలతిరగడం, చిరాకు దాని లక్షణాలు. కార్తికం రాకముందే మీ డాక్టరును కలిసి, ఉపవాసం ఉండవచ్చో లేదో, ఉంటే ఆ రోజున ఏ మాత్ర ఎంత వేసుకోవాలో రాయించుకోండి. మీ అంతట మీరు మాత్రలు మానవద్దు. ఆ లక్షణాలు కనిపిస్తే ఉపవాసమన్న ఆలోచన పెట్టుకోకుండా మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పావుగంట తరువాత షుగరు చూసుకుని, ఇంకా 70కి తక్కువగా ఉంటే మళ్ళీ తాగండి, ఆపైన భోజనం చేయండి. సోమవారాలు నడక వద్దు. మిగిలిన ఆరు రోజులు మాత్రం సాయంత్రం ఫలహారం చేశాక ఇరవై నిమిషాలు నడవండి, అప్పుడు నెల చివర మళ్ళీ కొత్తగా మొదలుపెట్టవలసిన అవసరం రాదు. జేబులో నాలుగు గ్లూకోజు బిళ్ళలు ఉంచుకోండి, మీతో నడిచేవారికి మీ షుగరు సంగతి ముందే చెప్పి ఉంచండి.